మంజీర ఒడ్డు, నక్కవాగు వంతెన

“బండి ఈడ్నే పెట్టుండ్రి సార్. కట్ట మీదికి నడుసుకుంట పోదాం. బండి సప్పుడైతే అవి లేశిపోతయ్.”

ఫారెస్టు వాచర్ మాట పూర్తయ్యేలోపే మా మిత్రుడు ఇంజిన్ ఆపేశాడు. ఎంత గోల చేసుకుంటూ వచ్చామో ఆపాక గానీ తెలియలేదు. సంగారెడ్డి నుంచి కల్పగూరు దాకా ఉన్న కొద్దిపాటి దారంతా పాటలు, కబుర్లు, హారన్లు. ఇప్పుడు చెవులు తెరుచుకున్నాయి. జమ్ము పొదల్లో బొల్లికోళ్ళ కూత. ఇంకా అవతల, మంచులో కనిపించని చోట, నీళ్ళ మీద చాలా రెక్కలు ఒకేసారి కొట్టుకున్న చప్పుడు.

జనవరి ఉదయం. ఏడింకా కాలేదు. రిజిస్టర్‌లో పేర్లు రాసి లోపలికి నడుస్తున్నాం. మిత్రుడి భుజాన మోచెయ్యంత లెన్సు. అతని కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది, మెడలో నాన్న పాత బైనాక్యులర్. నా చేతిలో ఫ్లాస్కు. వాచర్ చేతిలో కర్ర, చెవుల మీదుగా మఫ్లర్. ముందు నడుస్తున్నది ఆయనే. ఇక్కడ ఎవరు ముందు నడవాలన్నది మర్యాద విషయం కాదు. ఎక్కడ అడుగు వెయ్యాలో తెలిసినవాడు ముందు నడుస్తాడు, అంతే.

ఎడమ చేతి వైపు మంజీర. ఎక్కడో మహారాష్ట్ర బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా వచ్చి, మన సంగారెడ్డి జిల్లాలో ఒక్కసారి ఉత్తరానికి తిరిగి, 724 కిలోమీటర్లు నడిచి కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే నది. ఇక్కడ మాత్రం బ్యారేజీ వల్ల నిలబడి ఉంది. నీళ్ళు ఎక్కడ అయిపోయి మంచు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ముందు జమ్ము కొసలు తేలాయి. తర్వాత వాటి మధ్య నీలి రంగు ఒళ్ళు, ఎర్రటి ముక్కు. నీలపు బొల్లికోడి ఒకటి జమ్ము కాడను కాలి వేళ్ళతో పట్టుకుని, లోపలి తెల్లటి మెత్తని భాగాన్ని తీరిగ్గా కొరుకుతోంది. దాని వెనక ఆకుల మీద నడుస్తూ నీటి కోళ్ళు. గట్టు కొమ్మ మీద లకుముకి పిట్ట నీళ్ళ వైపు తల వంచి కదలకుండా కూర్చుంది.

“అంకుల్, అటు చూడండి, మెడ మాత్రమే ఉంది, ఒళ్ళు లేదు!” అంది అమ్మాయి గుసగుసగా. పాములా మెడ ఒకటి నీళ్ళలోంచి లేచి, అటూ ఇటూ చూసి, మునిగిపోయింది. పాముమెడ పిట్ట. ఒళ్ళంతా నీళ్ళలోనే ఉంచి ఈదుతుంది. ఈకలు తడిసిపోతాయి కాబట్టి తర్వాత ఏ మోడు మీదో రెక్కలు చాచి ఎండలో ఆరబెట్టుకుంటుంది. 

సూర్యుడు పైకి వచ్చేసరికి పొద్దున విన్న రెక్కల చప్పుడు ఎవరిదో తెలిసింది. అవతలి ఒడ్డున బూడిద రంగు బాతుల గుంపు. తెల్లటి తల వెనక రెండు నల్లటి పట్టీలు. పక్షుల పుస్తకాల్లో బార్ హెడెడ్ గూస్ అంటారు. మంగోలియా, టిబెట్ పీఠభూముల్లో పిల్లల్ని చేసుకుని, హిమాలయాలు దాటి చలికాలానికి ఇటు వస్తాయి. ఏడు వేల మీటర్లకు పైన, గాలి పలచబడిపోయిన ఎత్తులో ఇవి ఎగరడాన్ని శాస్త్రవేత్తలు కొలిచారు. అంత దూరం నుంచి వచ్చి కల్పగూరు రైతు శనగ చేలో మేస్తాయి. రైతు తిడతాడు, తోలుతాడు. తప్పు పట్టలేం, చేను అతనిది. వాటి పక్కనే నారింజ రంగు ఒంటితో జంటగా తిరుగుతున్నవి బాపన బాతులు.

నీళ్ళ నడుమ చిన్న చిన్న గడ్డలు. పుట్టిగడ్డ, బాపనగడ్డ, కరణంగడ్డ అని ఒక్కోదానికి ఒక్కో పేరు. వాటి మీద తుమ్మ చెట్లు. చెట్ల నిండా తెల్లటి మూటలు. బైనాక్యులర్‌లోంచి చూస్తే మూటలు కాదు, ఎర్రకాళ్ళ కొంగలు. పసుపు ముక్కు, ఎర్రటి బోడి మొహం, తోక దగ్గర గులాబీ రంగు పూసుకున్నట్టు. గూళ్ళ మీద నిలబడి రెక్కలు విప్పుతున్నాయి.

“బోటేమైనా దొరుకుతుందా అన్నా? దగ్గరికి పోతే ఒక్క పది నిమిషాలు చాలు,” అన్నాడు మా వాడు, లెన్సు బిగిస్తూ.

“ఎందుకు సార్?”

“ఫొటో.”

“ఈడికెల్లి రాదా?”

“వస్తుంది. కానీ చిన్నగా వస్తుంది.”

వాచర్ నవ్వలేదు, కోప్పడలేదు. “మీరు పోతే పెద్దవి లేస్తయ్. మళ్ళ వచ్చి కూసుంటానికి గంట వట్టొచ్చు. గా గంటల కాకి గుడ్లు వడగొడ్తది, లేకుంటే ఎండకు పిల్లలు సస్తయ్. మీ ఫొటో పెద్దగస్తది, గంతే.”

ప్రకృతి పర్యటన గురించి నేను చదివిన మార్గదర్శకాల పుస్తకాలన్నిటికంటే ఆ మూడు ముక్కలు స్పష్టంగా ఉన్నాయి. గూడు మీద పెద్ద కొంగ నిలబడేది కాపలాకే కాదు, పిల్లకు నీడ ఇవ్వడానికి కూడా. మనం పడవేసుకుని వెళ్తే అది ఎగురుతుంది. మనకు అది ‘అద్భుతమైన ఫ్లైట్ షాట్’. గూట్లో ఉన్నదానికి నెత్తిన ఎండ.

మా వాడు లెన్సు మూత పెట్టేశాడు. కాసేపు అలిగాడు కూడా. ఫొటోగ్రాఫర్లు అలగడం కొత్తేమీ కాదు.

తొమ్మిదిన్నర. మంచు విడిపోయింది. కట్ట రాళ్ళు వెచ్చబడుతున్నాయి. వాచర్ ఉన్నట్టుండి ఆగి, కర్రతో ఒడ్డు వైపు చూపించాడు. తడి మట్టిలో వెడల్పాటి నున్నని జాడ, దానికి అటూ ఇటూ గోళ్ళ అచ్చులు, మధ్యలో తోక ఈడ్చిన గీత. జాడ నీళ్ళలోకి కాదు, నీళ్ళలోంచి పైకి పోయింది. అంటే ఎక్కినది ఇంకా దిగలేదు.

“సూడుండ్రి. గా గడ్డి కొసకు.”

పడుకుని ఉంది. మూడు మీటర్లకు తక్కువ ఉండదు. ఒంటి నిండా ఆరిన బురద, ఆలివ్ రంగు, వీపున వరసగా బొడిపెలు. దవడలు కొంచెం తెరిచే ఉన్నాయి. భయపెట్టడానికి కాదు, ఒంటి వేడిని సర్దుకోవడానికి అలా నోరు తెరుచుకుని పడుకుంటుంది. రాత్రంతా చల్లబడిన రక్తం ఎండకు వెచ్చబడాలి. అంతదాకా అది కదలదు, కదిలించకూడదు. దానికి కొద్ది దూరంలో నత్తగుల్ల కొంగ ఒకటి బురదలో నత్తల కోసం వెతుక్కుంటోంది. ఇద్దరికీ ఒకరి గొడవ ఒకరికి లేదు. పావుగంట సేపు మేమూ కదలకుండా కూర్చున్నాం. చూస్తూ ఉంటే ఇంకొకటి కనిపించింది, అవతలి గడ్డ మీద. మూడోది నీళ్ళలోనే, రెండు కళ్ళు, ముక్కు కొస మాత్రం పైన.

మంజీర అభయారణ్యం ఈ మొసళ్ళ కోసమే. దేశంలో మొసళ్ళు చర్మాల వేటకు దాదాపు తుడిచిపెట్టుకుపోయిన దశలో 1975లో కేంద్రం మొసళ్ళ సంరక్షణ పథకం మొదలుపెట్టింది. ఇక్కడ 1978లో సింగూరుకూ మంజీర బ్యారేజీకీ మధ్య నదిని, గడ్డల్ని కలిపి ఇరవై చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. ఇవి మగ్గర్ జాతి, మంచినీటి మొసళ్ళు. మాఘం, ఫాల్గుణం ప్రాంతంలో ఒడ్డున ఇసుకలో గుంత తవ్వి పాతిక ముప్ఫై దాకా గుడ్లు పెట్టి కప్పేస్తాయి. పొదగడమంతా ఇసుక వేడిదే. ఆ వేడిని బట్టే పిల్ల ఆడదా మగదా అన్నది తేలుతుంది. రెండు నెలలకు పిల్లలు లోపలి నుంచి కీచుమంటే తల్లి వచ్చి తవ్వి, నోట కరుచుకుని నీళ్ళలో వదులుతుంది.

అంటే ఫిబ్రవరి నుంచి మే దాకా ఈ నదిలో ఇసుక మేట కనిపిస్తే అది పిక్నిక్ చోటు కాదు. అక్కడ దుప్పటి పరిచేవాడు, జీపు దింపేవాడు కింద ఏముందో చూసుకోడు. ఇసుక లారీల సంగతి చెప్పనే అక్కర్లేదు. హైదరాబాదు మేడల్లో మంజీర ఇసుక ఎంత ఉందో మేడలకే తెలియాలి.

ఇంతలో కట్ట మీద మాటలు. ఎవరో కుటుంబం, ఎనిమిది పది మంది. మెడలో వేలాడే బ్లూటూత్ స్పీకర్. పిల్లాడి చేతిలో కుర్‌కురే ప్యాకెట్. మొసలి కనిపించగానే ఒక కుర్రాడు ఫోన్ అడ్డంగా పట్టుకుని, “కదలట్లేదేంట్రా, బతికే ఉందా?” అంటూ గులకరాయి విసిరాడు. రాయి తగల్లేదు. మొసలికి ఆ మాత్రం చాలు. అంత పెద్ద ఒళ్ళు చప్పుడే లేకుండా నీళ్ళలోకి జారిపోయింది. నత్తగుల్ల కొంగ లేచింది. గడ్డ మీది కొంగలు సగం లేచాయి. కుర్రాడికి రీల్ దొరికింది. మొసలికి మళ్ళీ మొదటి నుంచి వెచ్చబడే పని.

వాచర్ పరుగున వెళ్ళాడు. ఏం చెప్పాడో వినబడలేదు. వాళ్ళు నవ్వుతూ సారీ చెప్పడం కనిపించింది. ఆయన తిరిగి వచ్చేటప్పుడు ప్యాకెట్ ఏరుకుని జేబులో పెట్టుకున్నాడు. చాలామందికి తెలియదు గానీ రాయి వెయ్యొద్దు, చెత్త వెయ్యొద్దు అన్నది సలహా కాదు, చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ అభయారణ్యంలో జంతువును ఆటపట్టించడాన్నీ, చెత్త వెయ్యడాన్నీ ఒకే వాక్యంలో నిషేధించింది. మగ్గర్ మొసలి అదే చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు. పులితో సమానమైన రక్షణ. ఆ రక్షణను అమలు చేస్తున్నది మాత్రం ఒక మఫ్లర్, ఒక కర్ర.

నీడకు చేరి చాయ్ పోసుకున్నాం. అమ్మాయి అడిగింది: “ఇంత దగ్గర్లో ఇంత పెద్ద సిటీ ఉండి, ఇది ఎలా మిగిలింది అంకుల్?”

నిజానికి ఇది పక్షుల కోసం మిగిలింది కాదు. మన కుళాయి కోసం మిగిలింది. 1965 నుంచి హైదరాబాదు మంజీర నీళ్ళు తాగుతోంది. ఆ తర్వాత ఎగువన దాదాపు 30 టీఎంసీల సింగూరు జలాశయం కట్టారు. కూకట్‌పల్లి, మియాపూర్, లింగంపల్లి, రామచంద్రాపురం, పటాన్‌చెరు వైపు వాళ్ళకు మంచినీళ్ళంటే మంజీర నీళ్ళే. తాగే నీళ్ళలో ఫ్యాక్టరీ రాదు, కాలనీ రాదు, స్టీమర్ పార్టీ రాదు. ఆ కాపలాలో మొసలి, కొంగ, బాతు తలదాచుకున్నాయి. 2016 వేసవిలో కరవుకు సింగూరు, మంజీర రెండూ ఎండిపోయినప్పుడు నగరానికి నీళ్ళు ఆగాయి, మొసళ్ళు మిగిలిన గుంతల్లోకి చేరాయి. ఇద్దరి కష్టం ఒకే నీటిది.

అందుకే, ఇక్కడ బోటింగ్ పెట్టాలి, గడ్డ మీద కాటేజీలు వెయ్యాలి, ‘పర్యాటకంగా అభివృద్ధి’ చెయ్యాలి అనే మాట వినబడినప్పుడల్లా నాకు భయమేస్తుంది. మంజీరకు కావలసింది ఇంకా ఎక్కువమంది కాదు. వచ్చే కొద్దిమంది ఇంకా నెమ్మదిగా రావడం, వచ్చినవాళ్ళు నాలుగు రూపాయలు ఆ ఊళ్ళో ఖర్చు పెట్టడం.

మేము ఖర్చు పెట్టింది కల్పగూరులో. కాకతీయుల నాటి కాశీవిశ్వేశ్వరుడి గుడి స్తంభాలు చూసి బయటికి వచ్చి, తెలిసిన వాళ్ళింట్లో ముందే చెప్పి చేయించుకున్న జొన్నరొట్టెలు, అనపగింజల కూర, పచ్చిపులుసు తిన్నాం. “ఇంకోటి ఏస్కో బిడ్డా, గాలి తిని బతుకుతవా?” అని ఆ ఇంటామె అమ్మాయి పళ్ళెంలో రొట్టె వేసింది. స్టీలు పళ్ళాలు, బిందెలో నీళ్ళు. సీసాలు కొనలేదు. పొద్దున్నుంచి మేము చేసిన చెత్త ఒక టీ పొడి పొట్లం. ఇందులో త్యాగం ఏమీ లేదు. సూపర్ మార్కెట్ సంచీతో వచ్చి అదే సంచీ విప్పుకుని తిని వెళ్ళేవాడి కంటే మేం బాగా తిన్నాం.

సాధారణంగా మంజీర చూడ్డానికి వచ్చినవాళ్ళ రోజు ఇక్కడితో అయిపోతుంది. పోతిరెడ్డిపల్లి చౌరస్తా దాకా వచ్చి, ముంబయి హైవే ఎక్కి, సాయంత్రానికి ఇల్లు. మేము ఎక్కలేదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట రోడ్డు పట్టాం.

దుర్గాభవాని గుడికి వెళ్ళే జనంతో దారి సందడిగానే ఉంది. కొబ్బరికాయలు, బంతిపూలు. కొంత దూరం పోయాక గాలి మారింది. మొదట ఎవరం మాట్లాడలేదు. తర్వాత అమ్మాయి కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వంతెన పక్కన కారు ఆపాం. కింద నక్కవాగు.

నీళ్ళు ఉన్నాయి, పారుతున్నాయి. రాళ్ళకు తగిలిన చోట నురుగు కట్టి, ఆ నురుగు విరగకుండా కిందికి పోతోంది. రంగు చెప్పడం కష్టం, నలుపుకు దగ్గర. వాసన ఘాటుగా, మందుల షాపు వెనక గదిలా ఉంది. ఒడ్డున రాళ్ళకు తెల్లటి పొర.

వంతెన అవతల బర్రెల్ని తోలుకుపోతున్న పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. “ఏం సూస్తున్రు? పేపరోళ్ళా?”

“కాదు పెద్దయ్యా. వాగు చూద్దామని.”

“వాగు సూస్తానికొచ్చిండ్రా!” అని అప్పుడు నవ్వాడు. “మా నాయిన గీ వాగుల శాపలు వట్టిండు. నేను ఈత నేర్సుకున్న. గిప్పుడు బర్రె సుత మూతి వెట్టది. వానలొస్తే జర మంచిగుంటది, మళ్ళ గదే కత.”

పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, పాశమైలారం. 1970లలో మొదలై పెరిగిన పారిశ్రామిక వాడలు. లక్షల మందికి కూడు పెట్టాయి, ఆ మాట దాచకూడదు. మా మిత్రుడి ఇల్లు నడిచేది కూడా ఆ వాడల్లో జీతంతోనే. వాటి వ్యర్థాలు ఇసుకవాగులోకి, ఇసుకవాగు నక్కవాగులోకి, నక్కవాగు మంజీరలోకి. అదృష్టం అనాలో ఏమనాలో గానీ, నక్కవాగు మంజీరలో కలిసేది బ్యారేజీకి దిగువన. నగరం పైనుంచి తోడుకుంటుంది. ఈ నీళ్ళు కింది ఊళ్ళ వాళ్ళవి.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వ్యర్థ జలాలను శుద్ధి చేసి వదిలిన తర్వాత నీళ్ళను పరీక్షిస్తే, అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మనకు డాక్టరు రాసే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి పదహారు లీటర్ల నీళ్ళలో కరిగిస్తే ఎంతో అంత. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ. ఒక్క ఆ మందే రోజుకు 40 కిలోలకు పైగా పోతోందని వాళ్ళ అంచనా. ఏ సూక్ష్మజీవిని చంపడానికి ఆ మందు తయారైందో అదే సూక్ష్మజీవి ఆ నీళ్ళలో రోజూ మందుతో కుస్తీ పట్టి మొండిదేరుతుంది. స్వీడన్ వాళ్ళకు ఇక్కడేం పని అంటారా? వాళ్ళ మందుల షాపుల్లో అమ్మే మాత్రలు కొన్నింటికి ముడిసరుకు ఇక్కడిదే మరి.

దీనికంటే చాలా ముందే ఇక్కడివాళ్ళు అరిచారు. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు రోగుల ఒంటి మీద కాలుష్యాన్ని చదివి, ఊళ్ళను కూడగట్టి ఏళ్ళ తరబడి పోరాడారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కేసు అక్కడి నుంచి హైకోర్టుకు, తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు నడిచింది. రైతులకు కొంత పరిహారం వచ్చింది. పటాన్‌చెరు నుంచి 18 కిలోమీటర్ల పైపులైన్ వేసి శుద్ధి చేసిన నీళ్ళను నగరపు మురుగు కాలువలో కలిపారు. అది అంబర్‌పేట దాకా పోయి మూసీలో తేలుతుంది. వాగు బాధ కొంత నదికి బదిలీ అయింది.

“అంకుల్, పక్షులున్నాయి కదా!” అంది అమ్మాయి.

ఉన్నాయి. సన్నటి గులాబీ కాళ్ళ ఉల్లంకులు, ఆ నురుగు పక్కనే, బురదలో పొడుచుకుంటూ. కొంగలు నాలుగైదు. వీటిని ఫొటో తీసి పెడితే మంజీర అనుకుంటారు. పిట్ట ఉంది కాబట్టి నీళ్ళు మంచివే అన్న భరోసా చాలామందికి ఉంటుంది. అది తప్పు. మురుగులో పురుగు ఎక్కువ, పురుగుకు ఉల్లంకి వస్తుంది. అమ్మాయి నోట్‌బుక్‌లో ఉల్లంకుల సంఖ్య రాసి, పక్కన ‘వాసన’ అని రాసుకుంది. మంచి పని చేసింది. పక్షుల జాబితాల్లో ఆ గడి ఉండదు.

హైవే ఎక్కాం. రుద్రారం గణేశ్ గడ్డ దగ్గర కొత్త లారీలు పూలదండలతో పూజకు నిలబడి ఉన్నాయి. ఇస్నాపూర్, ముత్తంగి, ఔటర్ రింగు రోడ్డు. తర్వాత పొడవాటి కంచె. లోపల చెట్లు, పొలాలు, చెరువు మెరుపు. ఇక్రిశాట్, పంటల పరిశోధన సంస్థ. 1972లో వచ్చింది. ఎర్ర నేల, నల్ల రేగడి ఒకే చోట ఉన్నాయని ఈ స్థలం ఎంచుకున్నారు. మన్మోల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్ళు లేచిపోయాయి. దాదాపు 3,500 ఎకరాల ఆ కంచె లోపల రెండు వందలకు పైగా జాతుల పక్షులున్నాయి. అనుమతి లేనిదే లోపలికి పోనివ్వరు.

ఇప్పుడు లెక్క చూసుకోండి. ఈ పారిశ్రామిక ప్రాంతంలో ప్రకృతి బతికి ఉన్నది రెండు చోట్ల. ఒకటి మంచినీళ్ళ కాపలా ఉన్న చోట, ఇంకోటి పరిశోధన కంచె ఉన్న చోట. ఎవరూ ప్రకృతి ప్రేమతో కాపాడింది కాదు. మనల్ని బయట ఉంచినందుకు బతికింది. ప్రకృతి ప్రేమికులకు ఇది వినడానికి కష్టంగా ఉంటుంది. నాకూ ఉంది.

మరి కంచె లేని చోటు? అది చూద్దామనే సాయంత్రానికి బీరంగూడ దగ్గర హైవే దిగి అమీన్‌పూర్ పెద్ద చెరువు గట్టుకు వచ్చాం.

చుట్టూ అపార్టుమెంట్లు. మధ్యలో నీళ్ళు, గుండ్రాళ్ళ గుట్టలు, పడమటి ఎండ. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు. ఒకప్పుడు మూడు వందల ఎకరాలుండేదంటారు, ఇప్పుడు చెప్పుకునేది తొంభై మూడు. తేజ్‌దీప్ కౌర్ మీనన్ ఐపీఎస్ అధికారిణిగా రాష్ట్ర ప్రత్యేక రక్షణ దళానికి నాయకత్వం వహించిన రోజుల్లో ఆ దళం ఈ చెరువును దత్తత తీసుకుంది. పోలీసులే చెత్త ఏరారు, మొక్కలు నాటారు. 2016 నవంబరులో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగర ప్రాంతంలోని నీటి వనరుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. గుర్తింపు వచ్చినంత మాత్రాన మురుగు ఆగలేదు, ఆక్రమణలూ ఆగలేదు. 2024 సెప్టెంబరులో అమీన్‌పూర్ మండలంలో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ బుల్డోజర్లు దిగాల్సి వచ్చింది. పక్కనే గండిగూడెం చెరువులో 2017 అక్టోబరులో చేపలు కుప్పలుగా చచ్చి తేలిన సంగతి ఇక్కడి జాలర్లు ఇంకా చెబుతారు.

అయినా రాజహంసలు వచ్చాయి. లోతు తక్కువ నీళ్ళలో తలకిందులుగా ముక్కు పెట్టి, అడుగడుగునా బురద జల్లిస్తూ నడుస్తున్నాయి. గట్టున కెమెరాలు, ఫోన్లు, బైకులు. ఎగిరితే రెక్కల కింది ఎరుపు కనిపిస్తుందని ఒకతను చప్పట్లు కొట్టాడు. ఈసారి మాకంటే ముందు అమ్మాయి వెళ్ళింది. “అన్నా, ప్లీజ్. అవి తినేది ఇప్పుడే. లేపితే మళ్ళీ అంత తినాలి.” అతను ఒకసారి ఆమెను, ఒకసారి హంసల్ని చూశాడు. “సరే చెల్లె,” అని ఫోన్ జేబులో పెట్టాడు. చెప్పేవాళ్ళు లేక గానీ వినేవాళ్ళు లేక కాదు.

ఆ అపార్టుమెంట్లలో దీపాలు వెలిగాయి. ఆ కుళాయిల్లో వచ్చేది పొద్దున మేము చూసిన మంజీర. ఆ వంటిళ్ళ మురుగు పోయేది ఎదుటి చెరువు వైపు. ఆ ఇళ్ళకు జీతం వచ్చేది నక్కవాగు పైనున్న వాడల నుంచి. ఇక్కడ ‘ప్రకృతిని చూడ్డానికి’ వేరే చోటికి పోయేవాడు ఎవడూ లేడు. అందరం అదే నీళ్ళలో ఉన్నాం.

నీటి పక్షుల లెక్క ఏటా జనవరిలో ఆసియా అంతటా ఒకేసారి జరుగుతుంది, 1987 నుంచీ. లెక్క తెలిసినవాళ్ళతో పాటు తెలియనివాళ్ళకూ అందులో చోటుంది. ఈసారి మంజీరకు రండి. వాచర్ వెనక నడవండి, కల్పగూరులో భోంచెయ్యండి, మీరు తెచ్చినదంతా మీతోనే తీసుకుపోండి. తిరుగు దారిలో తప్పకుండా ఇస్మాయిల్‌ఖాన్‌పేట మీదుగా వచ్చి నక్కవాగు వంతెన దగ్గర దిగండి. నీళ్ళ రంగు ఫొటో తియ్యండి, తేదీ, సమయం, చోటు రాసి కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు పంపండి. జవాబు రాకపోతే మళ్ళీ పంపండి. కొంగల ఫొటో ఎలాగూ అందరి దగ్గరా ఉంటుంది.